చేతిలోని గొట్టం, ఇంట్లో గడిచే రోజులు: పిక్ లైన్ పరిశోధనలపై ఒక విమర్శ

గత భాగంలో నిష్పత్తి, శాతం, రేటు అనే మూడింటి మధ్య తేడాను తెలుసుకున్నారు. హారంలో ఏమి వేశామో చెప్పకుండా ఇచ్చిన సంఖ్యకు అర్థం ఉండదని కూడా చదివారు. ఈ అనుబంధ పఠనంలో ఆ సంగతినే వైద్య పరిశోధనలకు అన్వయించి చూద్దాం. ఎంచుకున్న విషయం చూడటానికి చిన్నది. చేతి సిర ద్వారా గుండె దగ్గరి దాకా పంపే సన్నని గొట్టాన్ని ఆసుపత్రుల్లో పిక్ లైన్ అంటారు. దానివల్ల వచ్చే ఇబ్బందులను తగ్గించడం ఎలా అన్న ప్రశ్న మీద గత ఇరవై ఏళ్ళలో వెలువడిన కొన్ని ప్రసిద్ధ అధ్యయనాలను ఇక్కడ పరిశీలిస్తాను. నేను వైద్యుణ్ణి కాను. సాంఖ్యక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాబట్టి ఏ చికిత్స మంచిదో నన్ను అడగవద్దు. సంఖ్యలను ఎలా చదవాలో మాత్రం చెప్పగలను.

ఈ విషయం నా దగ్గరికి పుస్తకాల ద్వారా రాలేదు. బాలాపూర్‌లో మా ఇంటి కింది వాటాలో మా అక్క ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమవైపు శస్త్రచికిత్స అయింది గనుక కీమోథెరపీ కోసం కుడి చేతికి పిక్ లైన్ పెట్టారు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు సాయంత్రం చేయి చూపిస్తూ ఆమె అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “రెండు మూతులెందుకు పెట్టిన్రు తమ్మీ? ఎక్కించే మందు ఒక్కటే గదా!” నాకు జవాబు తెలియలేదు. డిశ్చార్జ్ కాగితాలు తిరగేశాను. గొట్టం తయారీదారు పేరు, లాట్ నంబరు ఉన్నాయి. రెండు మూతులు ఎందుకో లేదు. రెండు వారాల తరువాత ఆ చేయి వాచింది. అల్ట్రాసౌండ్‌లో భుజం దగ్గరి సిరలో గడ్డ కనిపించింది. గొట్టం పనిచేస్తూనే ఉంది, మందు ఇంకా చాలా మిగిలి ఉంది కాబట్టి దానిని తీయకుండా రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజెక్షన్లు ఇచ్చారు. కోర్సు పూర్తయింది, అక్క కోలుకుంది. ఆ గడ్డ రెండో మూతి వల్లే వచ్చిందని నేను అనను. ఒక్క మనిషిని చూసి కారణం తేల్చవద్దని మీకు పాఠం చెప్పినవాణ్ణే నేను. కానీ అక్క అడిగిన ప్రశ్న సరైనది. ఆ ప్రశ్నతోనే పరిశోధనలను చదవడం మొదలుపెట్టాను.

ముందుగా గొట్టం గురించి కొంత. 1929లో జర్మనీలోని ఎబెర్స్‌వాల్డ్ పట్టణంలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి సిరలోకి తానే 65 సెంటీమీటర్ల గొట్టాన్ని ఎక్కించుకొని, అలాగే ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, దాని కొస గుండెకు చేరిందని చూపాడు. 1956లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటి పిక్ లైన్ వెళ్ళే దారి అదే, ఆగే చోటు వేరు. మోచేతి పైన, లోపలివైపు ఉండే బాసిలిక్ సిరను అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది గుచ్చి గొట్టాన్ని పంపుతారు. తల, చేతుల నుంచి రక్తాన్ని గుండెకు తెచ్చే ఊర్ధ్వ మహాసిర చివర, గుండె ముంగిట, దాని కొస నిలుస్తుంది. అక్కడ రక్తప్రవాహం ఎక్కువ. కణజాలాన్ని కాల్చే ఘాటైన మందు కూడా క్షణంలో పలచబడిపోతుంది. చిన్న సిరలో వేస్తే అదే మందు సిరను పాడుచేస్తుంది. కీమోథెరపీకి, వారాల తరబడి యాంటీబయాటిక్ ఇవ్వడానికి, నోటితో తినలేనివారికి సిర ద్వారా పోషకాహారం ఇవ్వడానికి దీనిని వాడేది అందుకే. ఇక ఇబ్బందులు ముఖ్యంగా మూడు. సూక్ష్మజీవులు గొట్టం వెంట రక్తంలోకి చేరడం, గొట్టం చుట్టూ రక్తం గడ్డకట్టడం, గొట్టం మూసుకుపోవడమో విరగడమో కొస జరగడమో జరిగి పనికిరాకుండా పోవడం.

ఇన్ఫెక్షన్ తగ్గించడం గురించి ఎవరు రాసినా మిషిగన్ పేరు చెప్పకుండా ఉండరు. పీటర్ ప్రొనొవోస్ట్ బృందం 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనమది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నూరుకు పైగా ఇంటెన్సివ్ కేర్ విభాగాలు అయిదు పనులను తప్పక చేయడానికి ఒప్పుకున్నాయి: చేతులు కడుక్కోవడం, గొట్టం పెట్టేటప్పుడు రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, గజ్జల్లోని సిరను వీలైనంత వరకు వాడకపోవడం, అవసరం తీరిన గొట్టాన్ని తీసేయడం. వెయ్యి లైన్ రోజులకు 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యగతం మూడు నెలలకే సున్నా అయింది. ఈ సున్నా ప్రపంచమంతా తిరిగింది. ఎన్నో ఉపన్యాసాల్లో దీనిని ‘ఇన్ఫెక్షన్లు లేకుండా పోయాయి’ అని చెప్పగా విన్నాను.

మీరు ఆ మాట అనకూడదు. మధ్యగతం సున్నా అంటే కనీసం సగం విభాగాల్లో ఆ త్రైమాసికంలో ఒక్క ఇన్ఫెక్షనూ నమోదు కాలేదని మాత్రమే అర్థం. మిగతా సగంలో ఎన్నయినా ఉండవచ్చు. పైగా విభాగం చిన్నదైతే సున్నా రావడం పెద్ద విశేషం కాదు. ఒక విభాగంలో మూడు నెలల్లో 150 లైన్ రోజులే ఉన్నాయనుకోండి. వెయ్యికి 2.7 అనే పాత రేటు ఏమాత్రం మారకపోయినా, పాయిజాన్ విభాజనం ప్రకారం అక్కడ సున్నా వచ్చే సంభావ్యత సుమారు 0.67. మూడింట రెండుసార్లు ఏ మార్పూ చేయకుండానే ‘విజయం’ వస్తుంది. అలాగని మిషిగన్ ఫలితం ఉత్తదని అనుకోవద్దు. అదే వ్యాసంలో సగటు రేటు 7.7 నుంచి పద్దెనిమిది నెలల నాటికి 1.4కు దిగింది. చిన్న సంఖ్యల మాయతో అంత తగ్గుదల రాదు. నా ఫిర్యాదు పరిశోధకుల మీద కాదు. వాళ్ళు రెండు సంఖ్యలూ ఇచ్చారు. చదివినవాళ్ళు ముచ్చటైనదాన్ని పట్టుకున్నారు.

ఇంతకంటే లోతైన అభ్యంతరం మరొకటుంది. మిషిగన్‌లో పోల్చడానికి వేరే గుంపు లేదు. ముందు ఎంత, తరువాత ఎంత అనే చూశారు. ఇంగ్లండ్‌లో ఇదే పద్ధతిని విడతలవారీగా ప్రవేశపెట్టి 2013లో ఫలితాలు ప్రకటించారు. అక్కడా పెద్దల ఇంటెన్సివ్ కేర్ విభాగాల్లో రేటు 3.7 నుంచి 1.48కి తగ్గింది. అయితే తమ విడత ఇంకా రాని ఆసుపత్రుల్లో కూడా అదే కాలంలో తగ్గుతూ వచ్చింది! గాలి మారుతున్నప్పుడు పడవ కదిలితే తెడ్డు ఎంత పని చేసిందో చెప్పడం కష్టం. మీ పాఠంలో ‘నియంత్రణ సమూహం’ అనే మాట ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసి ఉంటుంది. ఇక మా అక్క వంటివారికి ఆ అయిదింటిలో గజ్జల సిర నియమంతో పనే లేదు. మిగిలినవాటిలో మూడు గొట్టం పెట్టే ఆ గంట గురించే. అయిదోది, అవసరం తీరగానే తీసేయడం, మిగతా రోజులన్నిటికీ సంబంధించినది. దాని గురించి చెప్పుకున్నది మాత్రం అన్నిటికంటే తక్కువ.

గడ్డల సంగతికి వస్తే 2013లో లాన్సెట్ పత్రికలో వినీత్ చోప్రా బృందం వెలువరించిన మెటా విశ్లేషణ ముఖ్యమైనది. 64 అధ్యయనాలను, దాదాపు 29,500 మంది రోగులను కలిపి చూశారు. మెడ, ఛాతీ సిరల్లో పెట్టే ఇతర కేంద్ర గొట్టాలతో పోలిస్తే పిక్ లైన్ వల్ల లోతైన సిరల్లో గడ్డ వచ్చే ఆడ్స్ 2.55 రెట్లు ఎక్కువని తేలింది. క్యాన్సర్ రోగుల్లో 6.67 శాతం మందికి, ఇంటెన్సివ్ కేర్ రోగుల్లో 13.91 శాతం మందికి గడ్డలు వచ్చాయి. అంతకు ముందు వరకు పిక్ లైన్‌ను ‘మెడలో గుచ్చనక్కర లేదు, నర్సు పెట్టేయగలదు, క్షేమం’ అని భావించేవారు. ఆ నమ్మకాన్ని ఈ వ్యాసం కదిలించింది. ఇందులోనూ చూడవలసిన లోటు ఉంది. పోలిక ఉన్న అధ్యయనాలు 12 మాత్రమే. మిగిలిన 52లో పిక్ లైన్ ఉన్నవారిని మాత్రమే చూశారు. గడ్డను కొన్నిచోట్ల చేయి వాచినప్పుడే వెతికితే, కొన్నిచోట్ల ఏ లక్షణమూ లేనివారిని కూడా స్కాన్ చేసి వెతికారు. వెతికే పద్ధతి మారితే దొరికే సంఖ్య మారుతుంది. కాబట్టి 6.67లోని ఆ రెండో దశాంశాన్ని నమ్మకండి. దిశను నమ్మండి.

గడ్డ ఎందుకు కడుతుందో అర్థమైతే అక్క ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. విర్కో పేరుతో స్థిరపడిన మూడు కారణాలున్నాయి: రక్తం నెమ్మదించడం, సిర గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. మూడోది క్యాన్సర్‌తో వస్తుంది, దానిని మనం మార్చలేం. మొదటిది మాత్రం గొట్టం ఎంచుకునేవారి చేతిలో ఉంది. గొట్టాల లావును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు. 1 ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. 5 ఫ్రెంచ్ గొట్టం వ్యాసం 1.67 మి.మీ., 4 ఫ్రెంచ్‌ది 1.33 మి.మీ. లోపల రెండు మార్గాలుండే గొట్టం సాధారణంగా ఒకే మార్గం ఉన్నదానికంటే లావుగా ఉంటుంది. సిర వ్యాసంలో గొట్టం వ్యాసం 45 శాతానికి మించకూడదని ఇప్పుడు ఎక్కువగా పాటించే సూత్రం. సిర 4 మి.మీ. ఉంటే 5 ఫ్రెంచ్ గొట్టం 42 శాతం ఆక్రమిస్తుంది, సరిపోతుంది. సిర 3 మి.మీ. అయితే అదే గొట్టం 56 శాతం. 4 ఫ్రెంచ్ పెడితే 44 శాతం. మి.మీ.లో మూడో వంతు తేడాతో గొట్టం గీతకు అటో ఇటో అవుతుంది.

వ్యాసం 45 శాతమైతే వైశాల్యం 20 శాతమే కదా, ఇంకా 80 శాతం దారి ఖాళీగానే ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. పంటకాలువను గుర్తుచేసుకోండి. నీరు ఒడ్డు పక్కన దాదాపు నిలిచి ఉంటుంది, నడిమధ్య వేగంగా పోతుంది. కాలువ మధ్యలో పొడవునా ఒక దుంగను పడుకోబెడితే, వేగంగా పోయే చోటనే కొత్త ఒడ్డు ఏర్పడుతుంది. అందుకే దుంగ ఆక్రమించిన వైశాల్యం కంటే ప్రవాహంలో తగ్గుదల చాలా ఎక్కువ. ఇక్కడ ఒక చిక్కుంది, దానిని దాచను. గొట్టం సరిగ్గా మధ్యలో ఉందనుకుని చేసే లెక్క ఇది. నిజమైన చేతిలో అది సిర గోడకు ఆనుకుని ఉంటుంది. అప్పుడు ప్రవాహం అంతగా తగ్గదు, కానీ గోడకు రాపిడి, అంటే విర్కో చెప్పిన రెండో కారణం, పెరుగుతుంది. 45 అనే సంఖ్య ప్రకృతి నియమం కాదు, అనుభవంతో గీసుకున్న గీత. అయినా గీత అంటూ ఉంటే ఎవరో ఒకరు సిరను కొలుస్తారు. మా అక్క కాగితాల్లో సిర వెడల్పు అనే గడే లేదు.

రెండో మార్గం మరో విధంగానూ భారమే. ప్రతి మూతీ సూక్ష్మజీవులకు ఒక ద్వారం. వాడని మార్గాన్ని కూడా సెలైన్‌తో కడుగుతూ ఉండాలి, లేకపోతే మూసుకుపోతుంది. అంటే మందు కోసం కాక గొట్టం కోసమే దానిని తెరవాలి. మార్గాలు పెరిగితే ఇన్ఫెక్షన్, గడ్డ రెండూ పెరుగుతాయని పరిశీలనలు చూపాయి. తరువాత మిషిగన్ ఆసుపత్రుల్లోనే కొన్ని, వైద్యుడు ప్రత్యేకంగా కారణం చెబితే తప్ప ఒకే మార్గం ఉన్న గొట్టం పెట్టే పద్ధతికి మారాయి. ‘ఎందుకైనా మంచిది, రెండు ఉండనీ’ అనేది మన పెళ్ళి భోజనాల లెక్క. సిరలో అది పనికిరాదు.

అసలు గొట్టం అవసరమా అన్నది ఈ ప్రశ్నలన్నిటికీ ముందు రావాలి. 2015లో ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చిన మ్యాజిక్ మార్గదర్శకాలు ఆ పని చేశాయి. నిపుణుల మండలి ముందు 665 ఊహా సందర్భాలు పెట్టి పిక్ లైన్ తగునా, తగదా అని తీర్పు అడిగారు. 38 శాతం సందర్భాల్లో తగునని, 43 శాతంలో తగదని, మిగిలిన 19 శాతంలో చెప్పలేమని వచ్చింది. మామూలు చేతి సిరలో ఇవ్వగల మందును అయిదు రోజుల లోపు ఇవ్వడానికి పిక్ లైన్ పెట్టడం తగదని తేల్చారు. కొంచెం ఎక్కువ రోజులైతే, రెండు వారాల వరకు, భుజం దాటని మిడ్‌లైన్ గొట్టం మేలని అన్నారు.

ఈ 43 శాతాన్ని ‘ప్రపంచంలో 43 శాతం పిక్ లైన్లు అనవసరం’ అని చదవవద్దు. హారంలో ఉన్నవి ఊహా సందర్భాలు, మనుషులు కాదు. తేలికైన సందర్భాలు ఎక్కువ రాసుకుని ఉంటే శాతం ఇంకోలా వచ్చేది. పైగా ఇది ప్రయోగం కాదు, నిపుణుల ఏకాభిప్రాయం. ఆ నిపుణుల మనసులో ఉన్న ఆసుపత్రిలో మిడ్‌లైన్ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. అది లేని చోట ఆ సలహా కాగితం మీదే ఆగిపోతుంది. అయినా ఈ మార్గదర్శకాల్లో ఒక వాక్యం కోసం నేను మిగతా అన్నిటినీ క్షమిస్తాను. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి, అంటే వడపోత రేటు 45 కంటే తక్కువ ఉన్నవారికి, చేతి సిరలో పిక్ లైన్ పెట్టవద్దని అందులో ఉంది. వాళ్ళకు రేపు డయాలసిస్ అవసరమైతే ధమనిని సిరతో కలిపి ఫిస్టులా చేయాలి. దానికి ఆరోగ్యంగా ఉన్న చేతి సిర కావాలి. పిక్ లైన్ వల్ల గడ్డకట్టి మూసుకుపోయిన సిర అందుకు పనికిరాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్ళకు ఊళ్ళే మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్న సంగతి మీకు తెలుసు. అటువంటి చోటినుంచి జ్వరంతో వచ్చిన మనిషికి రెండు వారాల యాంటీబయాటిక్ కోసం, రక్తంలో క్రియాటినిన్ ఎంతో చూడకుండా పిక్ లైన్ పెడితే, ఈ నెల చికిత్స కోసం వచ్చే పదేళ్ళ డయాలసిస్ దారిని ఖర్చుచేసినట్టే. ఈ నష్టం ఏ ఇన్ఫెక్షన్ రేటులోనూ, ఏ గడ్డల శాతంలోనూ కనిపించదు. ఆ రోగి విషయంలో పిక్ లైన్ ‘ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది’ అనే నమోదవుతుంది.

క్యాన్సర్ రోగులకు మరో ప్రత్యామ్నాయం కూడా ఉంది. ఛాతీ చర్మం కింద అమర్చే పోర్ట్. బ్రిటన్‌లో జరిపిన కావా ప్రయోగం 2021లో లాన్సెట్‌లో వచ్చింది. పోర్ట్, పిక్ లైన్‌లను నేరుగా పోల్చిన భాగంలో ఏదో ఒక ఇబ్బంది ఎదురైనవారు పోర్ట్‌తో 32 శాతం, పిక్ లైన్‌తో 47 శాతం. పోర్ట్ సాధారణంగా ఎక్కువ కాలం ఒంట్లో ఉంటుంది. ఎక్కువ రోజులుండి కూడా తక్కువ శాతం వచ్చిందంటే రోజుకు లెక్కగడితే తేడా ఇంకా పెద్దది. శాతం ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఒక్కోసారి మంచిదాని మంచితనం కూడా మరుగున పడుతుందన్నమాట. పోర్ట్ పెట్టడానికీ తీయడానికీ చిన్న శస్త్రచికిత్స కావాలి, ఖర్చవుతుంది. అది వేరే లెక్క. కానీ ఆ లెక్క రోగి ముందు వేసి చూపాలి. మాకు ఎవరూ చూపలేదు, అడగాలని మాకూ తెలియదు.

ఇప్పుడు ఇటీవలి అధ్యయనం. గొట్టాన్నే మెరుగుపరిస్తే ఇబ్బందులు పోతాయన్న ఆశ చాలాకాలంగా ఉంది. రక్తం అంటుకోకుండా నీటిని వికర్షించే పదార్థంతో ఒక రకం, సూక్ష్మజీవులను చంపే క్లోర్‌హెక్సిడిన్ కలిపి మరో రకం వచ్చాయి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని మూడు ఆసుపత్రుల్లో అమాండా ఉల్మన్ బృందం వీటిని మామూలు పాలియురిథేన్ గొట్టంతో పోల్చి, వెయ్యికి పైగా రోగులను యాదృచ్ఛికంగా మూడు సమూహాలకు కేటాయించి పరీక్షించింది. ఫలితాలు 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వెలువడ్డాయి. గొట్టం విఫలమైనవారు నీటిని వికర్షించే రకంలో 5.9 శాతం, క్లోర్‌హెక్సిడిన్ రకంలో 9.9 శాతం, మామూలు రకంలో 6.1 శాతం. ఏ కారణంతోనైనా ఇబ్బంది కలిగినవారు వరుసగా 21.5, 38.6, 21.7 శాతం. కొత్త పదార్థాలు మామూలు గొట్టాన్ని మించలేకపోయాయి. ఒకటి దానితో సమానంగా నిలిచింది, రెండోది వెనకబడింది.

నాకు ఈ వ్యాసం చాలా నచ్చింది. ఆశించినది రాలేదని దాచకుండా చెప్పిన పరిశోధన అరుదు. అయినా ఒక ప్రశ్న వేసుకోవాలి. మామూలు గొట్టం ఆ మూడు ఆసుపత్రుల్లో 6.1 శాతమే విఫలమైందంటే, గొట్టం పెట్టేవారు, చూసుకునేవారు ముందే బాగా చేస్తున్నారన్నమాట. చేయి తిరిగిన వంటమనిషికి పాత మూకుడైనా కొత్త మూకుడైనా ఒకటే. అలవాటు లేనివారి చేతిలో ఖరీదైన గొట్టం ఏదైనా మేలు చేస్తుందా? ఆ ప్రయోగం దీనికి జవాబివ్వదు. దానిని అడ్డం పెట్టుకుని ‘మనకూ అంతే’ అనలేం, ‘మనకు మాత్రం పనికొస్తుంది’ అనీ అనలేం. చేయగలిగింది ఒకటే: అమ్మకందారు కొత్త గొట్టాన్ని తెచ్చినప్పుడు, మామూలు గొట్టంతో తమ ఆసుపత్రి వైఫల్యం ఎంతో ముందు లెక్క తీయాలి.

ఆ లెక్కలోనే నా అసలు విమర్శ ఉంది. వెయ్యి లైన్ రోజులకు ఇన్ని ఇన్ఫెక్షన్లు అనే రేటును అందరూ వాడతారు. ఒక ఆసుపత్రిలో 1000 లైన్ రోజులు, 4 ఇన్ఫెక్షన్లు ఉన్నాయనుకుందాం. రేటు 4. ఈ వెయ్యిలో 400 రోజులు అసలు గొట్టం అక్కరలేని, కాస్త ఆరోగ్యంగా ఉన్న రోగులవి. వాళ్ళలో వచ్చింది ఒక్క ఇన్ఫెక్షన్. ఆసుపత్రి బుద్ధి తెచ్చుకుని ఆ గొట్టాలు పెట్టడం మానేసింది. ఇప్పుడు 600 రోజులు, 3 ఇన్ఫెక్షన్లు. రేటు 5! బాధపడినవారు నలుగురి నుంచి ముగ్గురికి తగ్గారు, రేటు మాత్రం పెరిగింది. పట్టికలో ఆ ఆసుపత్రి దిగజారినట్టు కనిపిస్తుంది. అనవసరమైన గొట్టాలు ఎక్కువ పెట్టేవారికి మంచి మార్కులు వచ్చే కొలమానం ఇది. కాబట్టి రేటుతో పాటు మొత్తం ఎన్ని గొట్టాలు పెట్టారో, వాటిలో ఎన్నింటికి కారణం రాసి ఉందో చెప్పకపోతే ఆ రేటును అంగీకరించవద్దు.

రెండో లోపం ఇంటిది. పిక్ లైన్ ఉన్న మనిషి ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉండడు. మా అక్క గొట్టంతో గడిపిన 131 రోజుల్లో ఆసుపత్రి మంచం మీద గడిచినవి 9. మిగిలిన 122 రోజులు బాలాపూర్‌లోనే. వాటిని ఆమె గోడ క్యాలెండర్‌లో గీతలు పెట్టి లెక్కించింది. పారదర్శకమైన డ్రెస్సింగ్‌ను వారానికోసారి మార్చాలి, తడిసినా అంచు లేచినా అప్పటికప్పుడే మార్చాలి. అందుకోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా ఆటో, అక్కడినుంచి మెట్రో, మళ్ళీ ఆటో. ఎండాకాలంలో మధ్యాహ్నం అయ్యేసరికి చెమటకు అంచు లేచేది. తలంటు కోసం రాసుకున్న నూనె భుజం మీదుగా కారి ఒకసారి డ్రెస్సింగ్ మొత్తం ఊడింది. చూడవచ్చిన చుట్టం ఒకావిడ, పుండు దగ్గర కాస్త పసుపు అద్దమని సలహా ఇచ్చింది. బిగుతు జాకెట్టు చేయి, నీళ్ళ బిందె, ఆ చేతికే బీపీ పట్టీ చుట్టబోయిన వీధి చివరి క్లినిక్ కుర్రాడు, ఇవన్నీ ఆ 122 రోజుల్లోనివే. ఒక వారం డ్రెస్సింగ్ తేదీ సరిగ్గా వినాయక నిమజ్జనం రోజున పడింది. 1994 నుంచి లడ్డూ వేలం జరిగే ఊరు మాది. ఆ రోజు తెల్లవారినుంచే జనం, ఊరేగింపు. చేతికి గొట్టం ఉన్న మనిషిని తీసుకుని బయటపడటం కుదరని పని. నర్సును అడిగి ముందురోజే మార్పించుకున్నాం. అడగకపోతే ఎనిమిది రోజులో తొమ్మిది రోజులో అయ్యేది.

ఇంటి దగ్గర ఏమి చేయాలో ఎవరైనా తెలుగులో పది నిమిషాలు చెబితే సరిపోయేది. మందు ఎక్కించే ముందు మూతిని స్పిరిట్ గుడ్డతో గట్టిగా, పావు నిమిషం పాటు రుద్దమని చెప్పాలి. సెలైన్‌తో కడిగేటప్పుడు 10 మి.లీ. సిరంజే వాడాలని, సన్నని సిరంజితో నెడితే ఒత్తిడి పెరిగి గొట్టం పగలవచ్చని చెప్పాలి. కడిగిన కాసేపటికే చలిజ్వరం వస్తే, చేయో మెడో వాస్తే, బయట కనిపించే గొట్టం పొడవు మారితే ఆలస్యం చేయకుండా రమ్మని చెప్పాలి. మాకు ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. దానిని తెలుగు చేసింది నేనే, అదీ చేయి వాచిన తరువాత. నేను చూసిన అధ్యయనాలన్నిటిలో గొట్టం మందం, పదార్థం, మార్గాలు, పెట్టినవారి అనుభవం అన్నీ చలరాశులుగా కనిపించాయి. రోగికి అర్థమయ్యే భాషలో సూచనలు ఇచ్చారా లేదా అన్నది ఒక గడిగా కూడా కనిపించలేదు. కొలవని చలరాశికి ప్రభావం లేదని అనుకోవడం మన వృత్తిలో అతి పాత పొరపాటు.

ఇంట్లో జ్వరం వస్తే రోగి గొట్టం పెట్టిన ఆసుపత్రికే వెళ్తాడన్న హామీ లేదు. ఎల్బీనగర్‌లో దగ్గరున్న నర్సింగ్ హోంకు వెళ్తాడు. అక్కడ దానిని మామూలు జ్వరంగా రాస్తారు. పెట్టిన ఆసుపత్రి పట్టికలో లవం పెరగదు. హారమైన ఇంటి రోజులనూ ఎవరూ కలపరు. అక్కకు గొట్టం తీసినది ఒక శనివారం ఉదయం, ఔట్‌పేషెంట్ గదిలో, రెండు నిమిషాల పని. పెట్టిన తేదీ ఆసుపత్రి ఫైలులో ఉంది. తీసిన తేదీ ఫైలులో దొరకలేదు. క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టిన సున్నా ఉంది.

అభ్యాసం: ఒక ఆసుపత్రి ఏడాదిలో 80 మందికి పిక్ లైన్ పెట్టింది. ఒక్కొక్కరు సగటున ఆసుపత్రిలో 9 రోజులు, ఇంట్లో 91 రోజులు గొట్టంతో గడిపారు. ఆసుపత్రిలో 2 ఇన్ఫెక్షన్లు, ఇంట్లో 10 ఇన్ఫెక్షన్లు వచ్చాయి. ఇంటి వాటిలో 4 మాత్రమే ఆసుపత్రికి తెలిశాయి. (అ) ఆసుపత్రి రోజులను మాత్రమే హారంలో వేసి, అక్కడి 2 ఇన్ఫెక్షన్లతో వెయ్యి లైన్ రోజులకు రేటు కట్టండి. (ఆ) అన్ని రోజులనూ, ఆసుపత్రికి తెలిసిన 6 ఇన్ఫెక్షన్లనూ తీసుకుని కట్టండి. (ఇ) అన్ని రోజులనూ, 12 ఇన్ఫెక్షన్లనూ తీసుకుని కట్టండి. మూడింటిలో ఏ సంఖ్యను ఆ ఆసుపత్రి తన గోడ మీద రాసుకుంటుందని మీరు అనుకుంటున్నారో, ఎందుకో, అర పేజీకి మించకుండా రాయండి.